ఇంజన్‌లో మీరే మార్పులు చేసుకుంటే మిగిలేది ఎంత?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు, జీతం నెలకు 48 వేలు. అమ్మానాన్నలు నా మీదే ఆధారపడ్డారు. డీజిల్ కారు మీద బ్యాంకు అప్పు ఇంకా 3.20 లక్షలు ఉంది. ఇంజన్ శక్తి పెంచడానికి ఈసీయూ రీమ్యాప్ చేసి (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ సెట్టింగులు మార్చి), ఎయిర్ ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే భాగం), ఎగ్జాస్ట్ (పొగ బయటకు వెళ్లే గొట్టం) మార్చాలనుకుంటున్నాను. గ్యారేజీలో 70 వేలు అడిగారు. నేనే బిగించుకుంటే 50 వేలతో అయిపోతుంది. పొదుపు 60 వేలు ఉంది. చేయవచ్చా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దండి. మీకు పని రాదని కాదు, బహుశా బాగానే వచ్చి ఉంటుంది. మిగిలే 20 వేలను లెక్క వేశారు కానీ బీమా సంగతి అందులో లేదు.

పాలసీ ఇచ్చేటప్పుడు బీమా సంస్థ లెక్కలోకి తీసుకున్నది కంపెనీ తయారుచేసిన బండిని. ఇంజన్‌లో మార్పులు చేసిన విషయం చెప్పకుండా ఉండి, ప్రమాదం తర్వాత నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ కంట పడితే సొంత నష్టం (మీ కారుకు జరిగిన నష్టం) క్లెయిమ్‌ను తిరస్కరించే ఆస్కారం ఉంది. కారు తుక్కైపోయినా వాయిదాలు ఆగవు. ఆ 3.20 లక్షలూ మీ జీతంలోంచే కట్టాలి.

ముందే చెప్పి ఎక్కువ ప్రీమియం కడతానంటారేమో, దానికి చట్టం అడ్డు. తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆమోదించిన సీఎన్‌జీ కిట్ పెట్టించి ఆర్‌సీలో నమోదు చేయించుకోవడం వేరే సంగతి.

రీమ్యాప్‌తో పెరిగే టార్క్ (చక్రాలను తిప్పే బలం) భారం క్లచ్ మీద, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) మీద పడుతుంది. అవి త్వరగా అరిగితే, వారంటీ ఉన్నా కంపెనీ ఒప్పుకోవడం కష్టం.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీ పొదుపు. ఇంటిల్లిపాదికీ మీ జీతమే ఆధారమైనప్పుడు కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. 50 వేలు ఇంజన్‌లో పెడితే మిగిలేది పది వేలు. ఒక్కసారి ఆసుపత్రికి వెళ్లినా అది చాలదు. ముందు అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా ఉందో లేదో చూడండి, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. మిగతాది బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా పెంచుకుంటూ రండి.

కారు పని మీద మీకున్న ఇష్టాన్ని వదులుకోనక్కర్లేదు. మంచి టార్క్ రెంచ్ (బోల్టులను సరైన బిగువుతో బిగించే పనిముట్టు), ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ చూపే లోపాల కోడ్‌లు చదివే పరికరం) కొనుక్కోండి. వారంటీ గడువు ముగిశాక ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు మీరే మార్చుకోండి. కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆయిల్ గ్రేడే వాడి, బిల్లులు దాచుకుంటే కారు అమ్మేటప్పుడు పనికొస్తాయి. రీమ్యాప్ కోసం ఇప్పటికే ఏదైనా భాగం తెప్పించి ఉంటే, డబ్బా విప్పకుండా వాపసు చేసేయండి.