మొదటి ఇంగ్లిష్ పేపరు రాసే ముందు

అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆగస్టులో క్లాసులు మొదలవుతాయనీ, మొదటి సెమిస్టర్‌లోనే ఇంగ్లిష్ కంపోజిషన్, అంటే వ్యాసాలు రాయడం నేర్పే కోర్సు, తీసుకోవాలనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వెళ్తుంటే మళ్లీ ఈ ఇంగ్లిష్ ఏమిటని విసుక్కున్నావట. అమెరికాలో ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నా చాలా కాలేజీల్లో మొదటి ఏడాది ఈ కోర్సు తప్పదు. నేను అక్కడ చదువుకున్నప్పుడు అదే కోర్సు చేశాను, తర్వాత ఒక కమ్యూనిటీ కాలేజీలో ఏళ్ల తరబడి అదే చెప్పాను. మన దగ్గర్నుంచి వచ్చిన పిల్లలు ఎక్కడ తడబడతారో కళ్లారా చూశాను కాబట్టి ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఇంటర్‌లో నీకు ఎలా నేర్పారో గుర్తు తెచ్చుకో. గైడులో ఉన్న ఆన్సరు బట్టీ పట్టి ఉన్నదున్నట్టు దించితే మంచి మార్కులు పడేవి. అక్కడ అదే పని చేస్తే దొంగతనం కింద లెక్క. నాకు ఈ మాట ముందుగా చెప్పినవాళ్లు లేరు. అక్కడ పేపరంటే పరీక్ష కాదు, ఇంట్లో రాసి ఇచ్చే వ్యాసం. నా మొదటి పేపర్లో ఒక లైబ్రరీ పుస్తకంలోంచి మూడు వాక్యాలు అలాగే దించేశాను. అంత బాగా రాసిన మాటల్ని నేను మార్చడమేమిటి, మార్చకపోవడమే గౌరవం అనుకున్నాను. మా ప్రొఫెసర్ తన గదికి పిలిచి, నా పేపరూ ఆ పుస్తకమూ పక్కపక్కన పెట్టి, "ఇందులో నీ మాటలు ఏవి?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆ పేపరుకు సున్నా వచ్చింది. కాలేజీకి రిపోర్టు చేయకుండా ఆవిడ దయతో వదిలేశారు కానీ అందరూ అలా వదలరు. ఆ రాత్రంతా ఏడ్చాను.

అందుకే ముందు నీకు ఇదే చెబుతున్నాను. జాగ్రత్త నోట్స్ తీసుకునే రోజునే మొదలవ్వాలి. పుస్తకంలోని మాటలు యథాతథంగా రాసుకుంటే అప్పటికప్పుడే కొటేషన్ గుర్తులు పెట్టి, రచయిత పేరూ పేజీ నంబరూ పక్కన రాసుకో. రెండు వారాల తర్వాత నోట్స్ తిరగేస్తే ఏది నీ మాటో ఏది వాళ్ల మాటో నీకే తెలియదు. సొంత మాటల్లో చెప్పాలనుకుంటే పుస్తకం మూసేసి, ఆ విషయాన్ని మీ అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో పైకి చెప్పుకో. ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయి. ఈ పద్ధతి నన్ను ఎన్నోసార్లు కాపాడింది. ఒకటి రెండు పదాలు మార్చి, వాక్యాన్ని అటూ ఇటూ తిప్పితే అది సొంత మాట అయిపోదు. నిజంగా నీ మాటల్లోనే రాసినా ఆలోచన ఎవరిదో చెప్పి తీరాలి. చాట్‌జీపీటీ లాంటి వాటిని ఎంతవరకు వాడనిస్తారన్నది ఒక్కో ప్రొఫెసర్ దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఊహించుకోకుండా ముందే అడుగు. గూగుల్ డాక్స్‌లో రాస్తే నువ్వు మెట్టుమెట్టుగా ఎలా రాశావో దానిలో ఉండిపోతుంది. ఎవరైనా అనుమానిస్తే చూపించడానికి పనికొస్తుంది.

ఇక వ్యాసం సంగతి. "మొబైల్ ఫోన్: లాభాలు, నష్టాలు" అని రెండు వైపులా సమానంగా రాసి ముగించడం మనకు అలవాటు. అక్కడ నువ్వు ఏమంటావో అడుగుతారు. "క్లాసులో ఫోన్లు పూర్తిగా నిషేధిస్తే ఎక్కువ ఇబ్బంది పడేది ఉద్యోగం చేసుకుంటూ చదివే విద్యార్థులే" అను. దానితో ఒకరు గొడవ పెట్టుకోవచ్చు. అలా గొడవ పెట్టుకోగలిగిన మాటనే వాళ్లు థీసిస్ అంటారు. అది మొదటి పేరాలోనే కనిపించాలి. "అనాది కాలం నుంచి", "నేటి ఆధునిక ప్రపంచంలో" అని మొదలుపెట్టే పేపర్లు నేను వందల్లో చదివాను. తీసేస్తే ఒక్క దానికీ నష్టం లేదు.

పేపరు చూడ్డానికి ఎలా ఉండాలన్న దానికీ నియమాలున్నాయి. ఇంగ్లిష్ కోర్సుల్లో ఎక్కువగా ఎం.ఎల్.ఏ. పద్ధతి అడుగుతారు. 1883లో మొదలైన మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ పెట్టిన పద్ధతి అది. దాని హ్యాండ్‌బుక్ తొమ్మిదో ఎడిషన్ 2021లో వచ్చింది. నాలుగు వైపులా అంగుళం మార్జిన్, మొత్తం డబుల్ స్పేసింగ్, పేరా మొదట అర అంగుళం ఖాళీ. మొదటి పేజీలో ఎడమ పక్కన నీ పేరు, ప్రొఫెసర్ పేరు, కోర్సు, తేదీ ఒకదాని కింద ఒకటి. మనం స్కెచ్ పెన్నుతో హెడింగులు రాసి, కింద రెండు గీతలు కొట్టేవాళ్లం కదా, ఈ పద్ధతిలో టైటిల్‌కు అండర్‌లైనూ ఉండదు, బోల్డూ ఉండదు, మధ్యలో మామూలు అక్షరాలే. ప్రతి పేజీలో పైన కుడివైపు ఇంటిపేరు, పేజీ నంబరు. చివర విడి పేజీలో వాడిన పుస్తకాల జాబితా ఇస్తారు. అందులో రచయిత ఇంటిపేరే ముందు వస్తుంది, మన తెలుగువాళ్లు రాసుకున్నట్టే. నీ ల్యాప్‌టాప్‌లో ఎ4 సైజు ఉంటుంది. అక్కడి కాగితం ఎనిమిదిన్నర బై పదకొండు అంగుళాలు, లెటర్ సైజుకు మార్చుకో. స్పెల్లింగ్ కూడా అమెరికన్ ఇంగ్లిష్‌కు పెట్టుకో.

భాష విషయంలో భయపడకు. తెలుగులో "దాని గురించి చర్చించాం" అంటాం కాబట్టి "డిస్కస్" పక్కన "ఎబౌట్" తెలియకుండానే వచ్చేస్తుంది. అక్కడ అది తప్పు. "ఎ", "ది" లాంటివి మన భాషలో లేవు. అందుకే ఒకసారి పేపరంతా కేవలం వాటి కోసమే చదువు. ఆఖరున పైకి చదువు. కంటికి చిక్కనిది చెవికి దొరుకుతుంది.

డ్రాఫ్ట్ తోటి విద్యార్థులకిచ్చి చదివించే రోజు ఒకటి ఉంటుంది. "నాకు అర్థం కాలేదు" అని ఒకరు రాస్తే మనసు కష్టపెట్టుకోకు, ఆ చోట గుర్తు పెట్టుకో. రైటింగ్ సెంటర్ అని క్యాంపస్‌లో ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లు తప్పులు దిద్ది ఇవ్వరు, ఎలా దిద్దుకోవాలో చూపిస్తారు. గడువుకు ముందు రోజు కాకుండా నాలుగైదు రోజుల ముందు వెళ్లు.

మాట్లాడే ప్రెజెంటేషన్‌కు టెన్షన్ ఉంటుంది, నాకూ ఉండేది. స్లైడు మీద ఉన్నదే చదవకు. కంగారులో మనం వేగం పెంచేస్తాం. అందుకని గడియారం పెట్టుకుని ఇంట్లో మూడుసార్లు నిలబడి చెప్పు, ఇచ్చిన టైము దాటకు. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పు, పరువేమీ పోదు.

మెయిల్లో "రెస్పెక్టెడ్ సర్", "డూ ద నీడ్‌ఫుల్" వద్దు. ప్రొఫెసర్ అని ఇంటిపేరుతో పిలువు, సబ్జెక్ట్ లైన్లో కోర్సు నంబరు రాయి. ప్రొఫెసర్ తన గదిలో విద్యార్థుల కోసం కేటాయించే సమయాన్ని ఆఫీస్ అవర్స్ అంటారు, వాటికి మొదటి వారంలోనే ఒకసారి వెళ్లి పలకరించు. ఇబ్బంది వచ్చాక మొదటిసారి ఆ తలుపు తట్టడం చాలా కష్టం.

సిలబస్ అంటే అక్కడ పాఠాల పట్టిక ఒక్కటే కాదు. ఆలస్యమైతే ఎన్ని మార్కులు పోతాయో, ఎన్ని క్లాసులు మానవచ్చో అన్నీ అందులోనే రాస్తారు. చేతికి రాగానే నాకూ ఒక కాపీ పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, లైను లైనూ కలిసి చదువుదాం.

ప్రేమతో,
పెద్దమ్మ