వాసన రాలేదంటే గ్యాస్ లేనట్టేనా?

ప్రశ్న: మా ఫ్రిజ్‌లో కూలింగ్ తగ్గింది. మెకానిక్ చూసి, గ్యాస్ అయిపోయింది, పైపు వెల్డింగ్ చేసి మళ్లీ నింపాలన్నారు. వెనక స్టిక్కర్ మీద ఆర్600ఏ అని, మంట బొమ్మ ఉన్నాయి. వంటింట్లోనే చేయించొచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరం రాని వారం లేదు. అందరూ రాసేది ఒకటే మాట: ‘వాసనేమీ రాలేదండీ, ఫర్వాలేదు కదా?’

ఆర్600ఏ అంటే ఐసోబ్యూటేన్. వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టమే. అయితే వంటగ్యాస్‌లో లీకేజీ తెలియడానికి ఘాటు వాసన కలుపుతారు, ఫ్రిజ్ గ్యాస్‌లో కలపరు. పైగా ఇది గాలికన్నా రెండింతలు బరువు. కిందికి దిగి నేల మీద, మూలల్లో పేరుకుంటుంది. గాలిలో 1.8 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొద్ది గ్రాములే కదా అంటారు. 200 లీటర్ల ఫ్రిజ్ లోపల ఆ 1.8 శాతానికి 9 గ్రాములు చాలు! చాకుతో ఐసు గీకి లోపలి గొట్టానికి చిల్లు పెట్టేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

నన్ను ఎక్కువ భయపెట్టేది వెల్డింగ్ మంట పెట్టే టార్చ్. కూలింగ్ లేదు కాబట్టి గ్యాసంతా పోయిందనుకుని నేరుగా మంట పెట్టేస్తారు. కంప్రెసర్ నూనెలో కరిగి ఉన్న గ్యాస్ వేడికి బయటికొస్తుంది. ముందు గ్యాస్ తీసేసి, మండని నైట్రోజన్ వాయువుతో గొట్టాలు కడిగి, పైపును కట్టర్‌తో కోయాలి. లీక్ పరీక్షకూ నైట్రోజనే; ఆక్సిజన్ అస్సలు వాడకూడదు. రిలే (కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే స్విచ్), థర్మోస్టాట్ (చల్లదనాన్ని అదుపు చేసే స్విచ్) మార్చాల్సి వస్తే రవ్వ బయటికి రానివే వేయాలి. ‘ఇదీ సరిపోతుంది’ అంటూ మామూలువి బిగించడం ఇక్కడ కుదరదు.

తయారీదార్లనూ అనాలి. తలుపు మీద తెర పెట్టి వాతావరణం చూపిస్తారు. గ్యాస్ లీకైతే చెప్పే సెన్సర్ పెట్టడానికి మాత్రం చేతులు రావు. ఆ మంట బొమ్మ కూడా ఎక్కడో కంప్రెసర్ పక్కన, ఫ్రిజ్‌ని లాగితే తప్ప కనబడదు.

మీరు చేయాల్సింది: లీకైందని అనుమానముంటే ఫ్రిజ్ పక్క స్విచ్ ముట్టుకోకుండా, కాస్త దూరంగా ఉన్న మెయిన్ ఆపండి. పొయ్యి వెలిగించొద్దు. కిటికీలు తీయండి. మరమ్మతు గాలి బాగా ఆడే చోట పెట్టించండి. నైట్రోజన్ సిలిండర్, నింపే గ్యాస్‌ను గ్రాముల్లో తూచే కాటా తెచ్చారా అని మెకానిక్‌ని అడగండి. లేవంటే ఇంకొకరిని పిలవండి.