టెక్ సందేహాలు: లాగిన్ పేజీకి పంపారు సరే, రికార్డు ఎందుకు పోయింది?

ప్రశ్న: టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ మీద నడిచే మా సర్వ్‌లెట్ (రిక్వెస్టుకు జవాబిచ్చే జావా క్లాసు) అప్లికేషన్ లాగ్‌లో అప్పుడప్పుడు ‘ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్: కెనాట్ కాల్ సెండ్‌రీడైరెక్ట్ ఆఫ్టర్ ద రెస్పాన్స్ హ్యాజ్ బీన్ కమిటెడ్’ అని వస్తోంది. వాడేవాళ్ల నుంచి ఫిర్యాదులేమీ లేవు. ఎర్రర్‌ను పట్టుకునే ట్రై-క్యాచ్‌లో పెట్టి వదిలేయమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయొచ్చా? కోడ్ జత చేస్తున్నాను.

జవాబు: వద్దు. ఈ ప్రశ్న వేషం మార్చుకుని వస్తూనే ఉంటుంది, వెంట ఇదే సలహానూ తెస్తుంది. మీ కోడ్‌లో రికార్డు తొలగించే సర్వ్‌లెట్ చూశాను. సెషన్‌లో యూజర్ లేకపోతే లాగిన్ పేజీకి సెండ్‌రీడైరెక్ట్ అన్నారు, ఇఫ్ బ్లాక్ అక్కడే మూసేశారు. దాని కిందే ఐడీ తీసుకుని డిలీట్ క్వెరీ, ఆ తర్వాత జాబితా పేజీకి ఇంకో సెండ్‌రీడైరెక్ట్ ఉన్నాయి. మధ్యలో మెథడ్‌ను అక్కడితో ఆపే రిటర్న్ ఎక్కడ?

సెండ్‌రీడైరెక్ట్ కూడా మామూలు మెథడ్ కాలే. ‘వేరే చిరునామాకు వెళ్లు’ అని బ్రౌజర్‌కు చెప్పే 302 స్టేటస్, ఆ చిరునామా ఉండే లొకేషన్ హెడర్ పెట్టి రెస్పాన్స్‌ను కమిట్ చేస్తుంది, అంటే ఇక మార్చడానికి వీల్లేకుండా ఖాయం చేస్తుంది. మీ మెథడ్‌ను మాత్రం ఆపదు. అందుకే లాగిన్ కాని మనిషి పంపిన ఐడీతోనే డిలీట్ క్వెరీ నడిచింది. తర్వాత రెండో రీడైరెక్ట్‌కు వచ్చేసరికి రెస్పాన్స్ అప్పటికే కమిట్ అయిపోయింది కాబట్టి ఎక్సెప్షన్ పడింది. అంటే మీ లాగ్‌లో ఆ లైన్ కనిపించిన ప్రతిసారీ లాగిన్ లేకుండా ఎవరో డిలీట్ దాకా వెళ్లారన్నమాట. క్యాచ్‌లో పెడితే పోయేది ఆ సాక్ష్యమే, తప్పు అక్కడే ఉంటుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ ఎక్సెప్షన్ కూడా రాని అప్లికేషన్లు. చివర్లో రెండో రీడైరెక్ట్ కాకుండా నేరుగా హెచ్‌టీఎమ్‌ఎల్ రాసే సర్వ్‌లెట్ అయితే, మొదటి రీడైరెక్ట్ తర్వాత రాసినదాన్ని టామ్‌క్యాట్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ చక్కగా వస్తుంది, పరీక్షించినవాళ్లు టిక్కు పెట్టి వెళ్లిపోతారు. వచ్చిన ప్రతి రిక్వెస్టునూ రాసుకునే యాక్సెస్ లాగ్ కూడా పట్టివ్వదు. నిజంగా అడ్డుకున్నదానికీ 302నే, అడ్డుకున్నామని వాళ్లు అనుకుంటున్నదానికీ 302నే.

ముందు జరిగిన నష్టం తేల్చుకోండి. టామ్‌క్యాట్ లాగ్స్ ఫోల్డర్‌లో లోకల్‌హోస్ట్ అనే పేరు, పక్కన తేదీతో ఉండే ఫైళ్లలో ఈ ఎక్సెప్షన్ పడిన సమయాలు తీయండి. యాక్సెస్ లాగ్‌లో అవే సెకన్లలో ఆ సర్వ్‌లెట్‌కు వచ్చిన రిక్వెస్టులు చూస్తే ఐపీ తెలుస్తుంది. డిలీట్‌ను గెట్‌తో, అంటే ఐడీ లింకులోనే కనిపించేలా, రాసి ఉంటే ఐడీ కూడా అక్కడే దొరుకుతుంది. అలా దొరికిందంటే అది ఇంకో తప్పు: లింకు తగిలితే చాలు, తోవన పోయే క్రాలర్ (లింకులన్నీ తెరుచుకుంటూ పోయే ప్రోగ్రామ్) కూడా కుకీ లేకుండానే మీ రికార్డులు చెరిపేస్తుంది. తొలగించే పనులన్నీ పోస్ట్‌కు మార్చి, రిక్వెస్ట్ మీ పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ పెట్టండి.

తర్వాత ప్రాజెక్టంతా సెండ్‌రీడైరెక్ట్, ఫార్వర్డ్, సెండ్‌ఎర్రర్ అనే మూడింటినీ వెతకండి. ప్రతిదాని కింద రిటర్న్ ఉండాలి, లేదా మెథడ్ అక్కడితో అయిపోవాలి. జేఎస్‌పీ పేజీల్లోని జావా ముక్కలైన స్క్రిప్ట్‌లెట్లనూ వదలొద్దు. సరిచేశాక బ్రౌజర్‌తో పరీక్షిస్తే లాభం లేదు. కుకీ లేకుండా కర్ల్ అనే కమాండ్‌తో రిక్వెస్ట్ పంపి, వచ్చిన జవాబును కాకుండా డేటాబేస్‌లో రికార్డు ఉందో లేదో చూడండి. అసలు ఈ తనిఖీని సర్వ్‌లెట్ సర్వ్‌లెట్‌కూ అతికించుకుంటూ పోవడం ఏమిటి? సర్వ్‌లెట్ల కంటే ముందే నడిచే ఒక్క ఫిల్టర్‌లో పెట్టండి: లాగిన్ లేకపోతే రీడైరెక్ట్ చేసి రిటర్న్, ఉంటేనే రిక్వెస్టును ముందుకు పంపే చెయిన్ డూఫిల్టర్. ఇక్కడ కూడా రిటర్న్ మరిచిపోయే ఘనులున్నారు. వాళ్ల అప్లికేషన్ మొత్తం బార్లా తెరిచినట్టే.

ప్రశ్న: టామ్‌క్యాట్ 9లో బాగా నడిచిన వార్ (అప్లికేషనంతా ఉన్న ఆర్కైవ్) ఫైలును 10లో పెడితే హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు వస్తున్నాయి గానీ సర్వ్‌లెట్లన్నీ 404 అంటున్నాయి. లాగ్‌లో ఎర్రర్ లేదు.

జవాబు: 10 నుంచి ప్యాకేజీ పేరు జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ కాదు, జకార్తా డాట్ సర్వ్‌లెట్. ఏ చిరునామాకు ఏ సర్వ్‌లెట్టో చెప్పే పాత వెబ్‌సర్వ్‌లెట్ అనోటేషన్‌ను కొత్త సర్వర్ లెక్కలోకే తీసుకోదు. తాత్కాలికంగా వార్‌ను వెబ్‌యాప్స్‌లో కాకుండా, దాని పక్కనే వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్ సృష్టించి అందులో పెట్టండి. టామ్‌క్యాటే దాన్ని మార్చి వెబ్‌యాప్స్‌లోకి చేరుస్తుంది. కోడ్‌లో మార్చేటప్పుడు జావాఎక్స్ అన్నదల్లా ఫైండ్-రీప్లేస్ చేసేయకండి. జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, నేమింగ్, క్రిప్టో వంటివి జావాతోనే వచ్చే జేడీకేవి, అలాగే ఉండాలి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 5 వాడుతుంటే 6కు వెళ్లక తప్పదు, దానికి కనీసం జావా 17 కావాలి.

పేరు మార్చడానికి కారణాలు ఉంటే ఉండనీండి. పాత అనోటేషన్ ఎదురైనప్పుడు లాగ్‌లో ఒక్క హెచ్చరిక లైన్ రాస్తే ఏం పోతుంది? ఏమీ చెప్పకుండా విఫలమయ్యే అప్‌గ్రేడ్ కంటే స్టార్ట్ కానని మొండికేసే అప్‌గ్రేడే నయం.

ప్రశ్న: ‘కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ ఆఫ్టర్ 30000 ఎంఎస్’ అని హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లను సిద్ధంగా ఉంచి అరువిచ్చే లైబ్రరీ) ఎర్రర్ ఇస్తోంది. పూల్ సైజు 10 నుంచి 50కి పెంచాం. కొన్ని గంటలు ఆగి మళ్లీ అదే. 200 చేయమంటారా?

జవాబు: చేస్తే ఇంకొన్ని గంటలు ఆలస్యంగా ఇదే ఎర్రర్ వస్తుంది. పైగా మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ గరిష్ఠ పరిమితి 151 కనెక్షన్లు, పోస్ట్‌గ్రెస్‌ది 100. ఈసారి డేటాబేసే తలుపు మూసేస్తుంది. తీసుకున్న కనెక్షన్‌ను ఎక్కడో తిరిగి ఇవ్వడం లేదు. లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్‌ను 60000 మిల్లీసెకన్లకు పెట్టండి. నిమిషం దాటినా తిరిగి రాని కనెక్షన్‌ను ఏ లైన్‌లో తీసుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో పడుతుంది. అక్కడ పని కాగానే కనెక్షన్‌ను దానంతటదే మూసే ట్రై-విత్-రిసోర్సెస్ వాడండి. క్లోజ్ ఉన్నా ఇదే గొడవ అయితే, ట్రాన్సాక్షన్ మధ్యలో బయటి సర్వీసును పిలిచి జవాబు కోసం కూర్చుంటున్నారేమో చూడండి. స్ప్రింగ్ బూట్‌లో జేపీఏ వాడేవాళ్లు, రిక్వెస్ట్ అయ్యేదాకా కనెక్షన్‌ను పట్టి ఉంచగల ఓపెన్-ఇన్-వ్యూను ఫాల్స్ చేయాలి. డిఫాల్ట్‌గా అది ట్రూ.

ప్రశ్న: బయటి ఏపీఐని పిలిస్తే ‘పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్’ అంటోంది, అంటే అవతలి సర్టిఫికెట్‌ను జావా నమ్మడం లేదు. అదే చిరునామా బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది. అన్ని సర్టిఫికెట్లనూ నమ్మే ట్రస్ట్‌మేనేజర్ రాసి నడిపిస్తున్నాం. పర్వాలేదా?

జవాబు: పర్వా ఉంది. ఆ క్లాసుతో మీ హెచ్‌టీటీపీఎస్‌లో మిగిలేది ఎన్‌క్రిప్షన్ మాత్రమే, అదీ ఎవరితో అన్నది తెలియకుండా. దారిలో కూర్చున్నవాడు సొంత సర్టిఫికెట్ చూపించినా మీ సర్వర్ ఏపీఐ కీని భక్తిగా అప్పగిస్తుంది. ‘ముందు పని కానిద్దాం, తర్వాత తీసేద్దాం’ అని రాసిన ఈ క్లాసును ఎవరూ తీయరు, తర్వాతి ప్రాజెక్టుకు కాపీ చేసుకుంటారు. ఖాళీ క్యాచ్ బ్లాకులదీ ఇదే వరస. ఎర్రర్ నోరు నొక్కే జవాబుకే అందరూ ఓట్లు వేస్తే, వెతికినప్పుడు పైన కనిపించేదీ అదే.

చాలాసార్లు తప్పు అవతలి సర్వర్‌ది, తన సర్టిఫికెట్‌ను నమ్మదగిన సీఏకు (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థకు) కలిపే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పంపదు. బ్రౌజర్లు దాన్ని ఎలాగోలా తెచ్చుకుంటాయి, జావా డిఫాల్ట్‌గా తెచ్చుకోదు. అది ఏయే సర్టిఫికెట్లు పంపుతోందో చూడ్డానికి ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ ఎస్-క్లయింట్‌ను షోసర్ట్స్‌తో నడపండి. ఒక్క సర్టిఫికెట్టే వస్తే, సరిచేయమని అవతలివాళ్లకు రాయండి. వాళ్లు కదలకపోయినా, లేదా అది సంస్థ లోపలి సీఏ అయినా, ఆ సీఏ సర్టిఫికెట్‌ను నమ్మదగిన చోటు నుంచి తెచ్చుకోండి. జేడీకేలో, అది నమ్మే సీఏల జాబితా ఉండే సీఏసర్ట్స్ ఫైలును కాపీ చేసి, ఆ కాపీలోకి కీటూల్ ఇంపోర్ట్‌సర్ట్‌తో చేర్చి, ట్రస్ట్‌స్టోర్ ప్రాపర్టీతో దాన్ని చూపించండి. ఖాళీ స్టోర్‌తో మొదలుపెడితే మిగతా సైట్లన్నీ ఆగిపోతాయి, ఎందుకంటే కొత్త స్టోర్ పాతదాని స్థానంలో వస్తుంది, దానికి తోడుగా కాదు.

పని అయ్యాక కోడంతా చెక్‌సర్వర్‌ట్రస్టెడ్ (సర్టిఫికెట్‌ను తనిఖీ చేయాల్సిన మెథడ్) అని వెతికి, ఖాళీగా ఉన్న ప్రతిదాన్నీ తీసేయండి. సర్టిఫికెట్‌లోని పేరును సరిచూసే హోస్ట్‌నేమ్ వెరిఫయర్ ఎప్పుడూ ట్రూ ఇచ్చేలా ఎవరైనా రాశారేమో అదీ చూడండి. ఆ క్లాసు ప్రొడక్షన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ దారిన వెళ్లిన ఏపీఐ కీలు, పాస్‌వర్డులు బయటపడ్డట్టే లెక్కేసి కొత్తవి తీసుకోండి.