బిల్లు లేని కారం మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఆవకాయ కోసం వేసవిలో గుంటూరు పట్నం బజారులోని ఒక కొట్లో విడి కారం మూడు కిలోలు కొన్నాం. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌పేలో కట్టాం. పచ్చడి కలిపిన చేతికి రెండు రోజులు రంగు వదల్లేదు. అనుమానమొచ్చి గ్లాసు నీళ్లలో కారం చల్లితే ఎర్రటి చారలు అడుగుకు దిగాయి. మావారు వీడియో తీశారు. అదే వారం పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలు. కొట్టు యజమానికి ఫోన్ చేస్తే, 'మిగిలింది తెచ్చిచ్చేయండి, డబ్బులు ఇచ్చేస్తా. బిల్లు లేకుండా మీరు చేసేదేముంది?' అన్నాడు. మావారు కొట్టు పేరుతో సహా వీడియోను ఫేస్‌బుక్‌లో పెడతానంటున్నారు. కేసు వేయవచ్చా? అందుకోసం గుంటూరు తిరగాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందుగా, మిగిలిన కారం అతనికి తిరిగి ఇవ్వకండమ్మా. డబ్బుతో పాటు మీ సాక్ష్యం కూడా అతని చేతికే పోతుంది. తెచ్చిన కవరుతో సహా ఇంకో కవర్లో పెట్టి, మూతి గట్టిగా కట్టి, తేదీ రాసి దాచండి.

బిల్లు లేదన్న బెంగ అక్కర్లేదు. ఫోన్‌పే వివరాల్లో తేదీ, సొమ్ము, ఎవరి ఖాతాలో పడిందీ అన్నీ ఉంటాయి. పైగా 'తెచ్చిచ్చేయండి, డబ్బులిస్తా' అని అతనే అన్నాడంటే అమ్మినట్టు ఒప్పుకున్నట్టేగా. అదే మాట వాట్సాప్‌లో రాయించుకోగలిగితే మరీ మంచిది. ఇక్కడ అతను మరిచిపోయిన సంగతి మరొకటుంది. మసాలా పొడులను ప్యాక్ చేయకుండా అమ్మకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. విడిగా తూచి ఇవ్వడమే తప్పు. మన మిరపకాయలు మరకు తీసుకెళ్లి ఆడించుకోవడం వేరు, అది అమ్మకం కాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. పిల్లల వాంతులను ఈ కేసుకు ముడిపెడితే కేసు బలహీనపడుతుంది. కారంలో కలిపే సూడాన్ లాంటి రంగులు ఆ పూటకా పూట వాంతులు పుట్టించే రకం కాదు. జంతువులకు పెట్టి చూసిన పరీక్షల్లో కాలేయంలో కణితులు వచ్చాయి కాబట్టి వాటిని తిండిలో నిషేధించారు. 2005లో బ్రిటన్‌లో వందల రకాల ఆహార ప్యాకెట్లను అంగళ్ల నుంచి వెనక్కి రప్పించింది మన దేశం నుంచి వెళ్లిన కారంలోని సూడాన్-1 రంగే. అంటే భయం ఏళ్ల తరబడి తినడం గురించి. వేసవిలో వచ్చిన విరేచనాలకు నీళ్లు, చెరకు రసం, బయట తిన్న ఐస్ ఏదైనా కారణం కావచ్చునని అవతలి లాయరు మొదటి వాయిదాలోనే అంటాడు. డాక్టరు చీటీలు దాచండి, ఫిర్యాదులో ఒక వాక్యంగా రాయండి. కేసంతా దాని మీద నిలబెట్టకండి.

నీళ్ల పరీక్ష సంగతీ అంతే. అది ఇంట్లో అనుమానం తీర్చుకోవడానికే పనికొస్తుంది. నీళ్లలో కరిగే రంగు కలిపితేనే అందులో చారలు దిగుతాయి. సూడాన్ నూనెలో కరుగుతుంది, గ్లాసులో బయటపడదు. మిరపలోని సహజమైన ఎరుపూ నూనెలోనే కరుగుతుంది కనుక ఆవకాయ మీద తేరిన పప్పునూనె ఎర్రగా ఉందని ఎవరినీ అనుమానించలేం. కాబట్టి వీడియోతో ఫిర్యాదు మొదలుపెట్టవచ్చు, తేల్చేది మాత్రం ల్యాబ్ రిపోర్టే. కారంలో పైరంగు ఏదీ కలపకూడదన్నది ప్రమాణం. కాబట్టి ఏదో ఒక రంగు ఉందని తేలితే చాలు, ఎంత ఉందన్న వాదనకు చోటుండదు.

ఆ రిపోర్టుకు రెండు దారులున్నాయి. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే, మీ దగ్గరున్న కారాన్ని కమిషనే సీలు వేయించి ల్యాబ్‌కు పంపగలదు. ల్యాబ్ ఫీజు మీరు కట్టాలి, రిపోర్టుకు గడువు 45 రోజులు. గుంటూరు తిరిగే పని లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విజయవాడలోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. మీరు కొన్న సరుకు ఖరీదు అయిదు లక్షల లోపే కనుక కోర్టు ఫీజు లేదు, లాయరు తప్పనిసరీ కాదు. (మా వృత్తివాళ్లకు ఈ మాట రుచించకపోవచ్చు.) కారం డబ్బే కాదు, ఆ కారం వల్ల పాడైన మామిడికాయలు, ఆవపిండి, పప్పునూనె ఖర్చూ లెక్కగట్టి అడగండి. ఆవకాయ పెట్టిన ఇంట్లో దాని విలువ ఎంతో కమిషన్ సభ్యులకు వివరించాల్సిన పనుండదు.

రెండోది గుంటూరు ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు. ఇది చేస్తేనే మరొకరి ఇంటికి ఆ కారం వెళ్లకుండా ఆగుతుంది. అధికారి కొట్లోనే శాంపిల్ తీసి నాలుగు భాగాలు చేస్తాడు, ఒకటి పరీక్ష చేసే ఫుడ్ అనలిస్ట్‌కు వెళ్తుంది. 14 రోజుల్లో రిపోర్టు రావాలి. సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించలేకపోతే బాధ్యత అమ్మినవాడిదే. కొనుగోలుదారు కూడా స్వయంగా అనలిస్ట్‌కు పంపించుకోవచ్చని ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ అంటుంది, తప్పు తేలితే ఫీజూ వెనక్కి వస్తుంది. కానీ పరీక్షకు పంపుతానని కొనేటప్పుడే కొట్టువాడికి చెప్పాలట! ఆ మాట విన్నవాడు లోపలి నుంచి మంచి డబ్బా తీసి తూస్తాడు తప్ప రంగు కలిపింది ఇస్తాడా? అందుకే మీకు అధికారి దారే మేలు. తొందరపడండి. నేరం జరిగిన ఏడాదిలోపే ప్రాసిక్యూషన్ మొదలవ్వాలి, ఆహార భద్రతా కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ల వరకు.

పోలీస్ స్టేషన్‌కు మాత్రం వెళ్లొద్దు. సురక్షితం కాని ఆహారానికి ఆ ఆహార భద్రతా చట్టంలోనే 59వ సెక్షన్ ఉండగా పాత ఐపీసీ కల్తీ సెక్షన్లు పెట్టకూడదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

మీవారి ఫేస్‌బుక్ ఆలోచన ఆపించండి. రిపోర్టు రాకముందే 'విషం అమ్ముతున్నాడు' అని పేరుతో పెడితే అతను పరువునష్టం కేసు వేస్తాడు. అప్పుడు నిజమని నిరూపించాల్సింది మీవారు. రిపోర్టు వచ్చాక పెట్టుకోవచ్చు, అప్పుడూ రిపోర్టులో ఉన్న మాటే, అంతకు మించి ఒక్క ముక్కా వద్దు.

కలిపిన ఆవకాయ గురించి మీరు అడగలేదు గానీ, జాడీకి వాసెన గుడ్డ కట్టి అటక మీద పెట్టండి. తినకండి, పారేయకండి.