పాపకు ఇగ్రా ‘ఇండిటర్మినేట్’ వస్తే మళ్లీ చేయించాలా?

మీ మామయ్యకు ఊపిరితిత్తుల టీబీ తేలింది, మీకు ఇగ్రా (టీబీ క్రిమి ఒంట్లోకి చేరిందా చూసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది, మూడేళ్ల పాపకేమో ఇండిటర్మినేట్, అంటే ఎటూ తేలలేదని రాశారు, ల్యాబ్ వాళ్లు తప్పు చేశారా అని అడిగారు. హన్మకొండలో ఈ పరీక్షకు రక్తం తీసే టెక్నీషియన్ని, అందుకే రాస్తున్నా.

ఇగ్రాల్లో ఒకటైన క్వాంటిఫెరాన్ ప్లస్‌కు నాలుగు ట్యూబులు, ఒక్కోదానికి ఒక మిల్లీలీటరు రక్తం. బూడిదరంగు మూతదాంట్లో ఏమీ ఉండదు. ఆకుపచ్చ, పసుపు మూతలవాటిలో టీబీ క్రిమి ప్రోటీన్లుంటాయి. ఊదా మూతదాంట్లో మైటోజెన్, ఇది ఎవరి రక్తంలోని కణాలనైనా రెచ్చగొట్టాలి. దానికి కూడా కణాలు స్పందించకపోతే ఇండిటర్మినేట్. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇది పెద్దలకంటే ఎక్కువ. పైగా పిల్లలకు నరం దొరకడమే కష్టం. ఏడుస్తూ చెయ్యి గుంజుకుంటే, చివర పట్టే ఊదా ట్యూబే సగంలో ఆగుతుంది. ట్యూబులు సరిగ్గా ఊపకపోయినా తేడా వస్తుంది. ఎందుకలా వచ్చినా, అది నెగటివ్ మాత్రం కాదు.

మీ పాజిటివ్‌కు అర్థం క్రిమి ఒంట్లోకి చేరిందని, అంతే. జబ్బుగా మారిందా లేదా అన్నది దగ్గు, జ్వరం, బరువు, ఎక్స్‌రే, అవసరమైతే తెమడ పరీక్ష చెప్పాలి. చిన్నప్పటి బీసీజీ వల్ల వచ్చిందేమో అనుకోకండి, ట్యూబుల్లోని ఆ టీబీ క్రిమి ప్రోటీన్లు బీసీజీలో ఉండవు. చర్మంలోకి ఇచ్చి టీబీ చూసే మాంటూ సూదికైతే ఆ తికమక ఉంది. అదీగాక 48 నుంచి 72 గంటల్లో వాపు కొలిపించుకోవాలి. నర్సంపేట నుంచో పరకాల నుంచో వచ్చినోళ్లు మళ్లీ రారు!

ఇక పాప సంగతి. మళ్లీ ఇగ్రాకు డబ్బులు పెట్టకండి. ఇంట్లో ఊపిరితిత్తుల టీబీ ఉంటే, ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని డాక్టరు తేల్చాక, ఈ పరీక్షతో పని లేకుండానే నివారణ మందు మొదలుపెట్టాలన్నది జాతీయ టీబీ కార్యక్రమం నియమం. ఆ వయసులో టీబీ త్వరగా ముదురుతుంది, మెదడు పొరలకూ పాకుతుంది. నెగటివ్ వచ్చినా ఇదే మాట. జ్వరం ఉన్నా, బరువు పెరగకపోయినా ఎక్స్‌రే తీస్తారు. పిల్లలు తెమడ ఉమ్మరు, మింగేస్తారు, కాబట్టి పొద్దున్నే పరగడుపున పొట్టలోంచి ద్రవం తీసి, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్‌కు పంపుతారు.

ఎవరైనా టీబీ ఐజీజీ, ఐజీఎం అనే యాంటీబాడీ రక్తపరీక్షలు చేయించమంటే వద్దనండి, వాటిని 2012లోనే మన దేశంలో నిషేధించారు. ప్రభుత్వ ఆసుపత్రికి పోయేటప్పుడు మామయ్య సీబీనాట్ రిపోర్టు పట్టుకుపోండి. ఆయన టీబీ ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగేదా కాదా చూసే మీ ఇద్దరికీ ఏ మందో తేలుస్తారు.