పెన్నీ రెడ్‌లో జంట గీతలు: ప్లేట్ తేడానా, కాగితం కదిలిందా?

మీ పెన్నీ రెడ్‌లో (విక్టోరియా రాణి బొమ్మ ఉన్న బ్రిటన్ పాత ఎర్ర ఒక పెన్నీ తపాలా స్టాంపు) కింద ‘వన్ పెన్నీ’ అక్షరాల్లో గీతలు రెండేసి కనిపిస్తున్నాయనీ, అది ప్లేట్‌లోనే, అంటే అచ్చేసే లోహపు పలకలోనే, ఉన్న తేడానా లేక అచ్చు పడేటప్పుడు కాగితం కదిలిందా అనీ అడిగారు. చాలాకాలంగా ఈ స్టాంపులే ముందేసుకుని కూర్చుంటున్నాను కాబట్టి నేను ఎలా చూస్తానో చెప్తాను.

ముందు ఆ జంట గీతలు ఎంతమేర ఉన్నాయో గమనించండి. స్టాంపు అంతటా ఒకే వైపుకి, ఒకే దూరంలో నీడలా పడితే కాగితం కదిలినట్టే, దాన్ని వదిలేయండి. అలా కాక రాణి ముఖం శుభ్రంగా ఉండి, తెల్లగా ఉండాల్సిన అక్షరాల లోపల మాత్రం సన్నని రంగు గీతలు పదునుగా కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. ఎందుకంటే ఈ ప్లేట్ మీద ఒక్కో బొమ్మనీ ఉక్కు రోలర్‌తో విడివిడిగా నొక్కేవారు, షీటుకి 240. ఏదైనా సరిగ్గా పడకపోయినా, తర్వాత అరిగిపోయినా, అదే చోట మళ్లీ నొక్కేవారు. పాత గీతలు పూర్తిగా చెరిగిపోకపోతే కొత్తవాటి పక్కనే మిగిలిపోతాయి. దీన్నే రీ-ఎంట్రీ అంటారు.

విడి గీత ఉంటే దాని రంగు చూడండి. ఈ పద్ధతిలో ఇంకు నిలిచేది ప్లేట్‌లోని గాళ్లలో. కాబట్టి ప్లేట్ మీద గీత పడితే అచ్చులో రంగు గీతే వస్తుంది. ఉబ్బెత్తు దిమ్మతో అచ్చేసిన స్టాంపుల్లో దీనికి తలకిందులు: దిమ్మ దెబ్బతిన్న చోట తెల్లగా ఖాళీ వస్తుంది. ఆన్‌లైన్‌లో ప్రతి ఇంకు మరకకీ ‘రేర్ ఎర్రర్’ అని పేరు పెట్టి అమ్మేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు.

అసలు పరీక్ష మాత్రం రెండో కాపీ దొరకడమే. ప్లేట్‌లోని లోపమైతే అదే ప్లేట్, అదే స్థానం నుంచి వచ్చిన ఇంకో స్టాంపులోనూ అదే చోట ఉండాలి. తర్వాత బాగుచేసి ఉంటే తప్ప తప్పించుకోలేదు. ఒక్క కాపీలోనే ఉన్నంతవరకూ, ఎంత అందంగా ఉన్నా, నేను దాన్ని వెరైటీ (ప్లేట్ వల్ల వచ్చిన ప్రత్యేక రకం) అని రాసుకోను.

ఇక్కడే పెన్నీ రెడ్ మనకి కలిసొస్తుంది. కింది మూలల్లో ఉన్న రెండు అక్షరాలే దాని చిరునామా. ఎడమ అక్షరం వరస, ఏ నుంచి టీ దాకా 20. కుడి అక్షరం ఆ వరసలో ఎన్నోదో చెప్తుంది, ఏ నుంచి ఎల్ దాకా 12. చిక్కేమిటంటే ఇవే అక్షరాలు ప్రతి ప్లేట్‌లోనూ ఉంటాయి. మీ స్టాంపు పై మూలల్లో నక్షత్రాలున్నాయన్నారు కాబట్టి ప్లేట్ నంబరు స్టాంపు మీద దొరకదు. (1864 నుంచి వచ్చిన, నాలుగు మూలల్లోనూ అక్షరాలున్న రకంలో నంబరు స్టాంపు రెండు పక్కల ఉన్న అల్లిక డిజైన్‌లోనే ఉంటుంది, అది హాయి.) మీరు చూడాల్సింది అక్షరాలు గడిలో ఎక్కడ కూర్చున్నాయన్నది. వాటిని చేత్తో పంచ్ కొట్టేవారు కాబట్టి ఒక ప్లేట్‌లో కాస్త కిందకి, ఇంకోదాంట్లో ఎడమకి ఒరిగి ఉంటాయి. నేను 1200 డీపీఐలో స్కాన్ చేసి, రెండు బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి సగం పారదర్శకంగా పెట్టి చూస్తాను. పది రెట్ల భూతద్దం కన్నా ఇదే నయం, కళ్లు లాగవు.

అక్షరాలు పూర్తిగా లేకపోవడమూ జరిగింది. 77వ ప్లేట్‌లో బీ వరస మొదటి స్టాంపుకి కుడివైపు ‘ఏ’ కొట్టడం మరిచిపోయారు. ఇంకో విశేషం, 1841లో తొలి ఎర్ర స్టాంపుల్ని కొన్ని పెన్నీ బ్లాక్ (దానికి ముందొచ్చిన నల్ల ఒక పెన్నీ స్టాంపు) ప్లేట్లతోనే అచ్చేశారు. అందుకే ఒకే స్థానం స్టాంపు నలుపులోనూ ఎరుపులోనూ దొరుకుతుంది. పోల్చడానికి ఇంతకన్నా మంచి జత లేదు.

డబ్బు సంగతికొస్తే, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రీ-ఎంట్రీలకే గిరాకీ. చిన్న చిన్న చుక్కలకి ఎవరూ ఎక్కువివ్వరు. వాటి కోసం టెన్షన్ పడొద్దు.

మూల అక్షరాలేమిటో, అంచుకి రంధ్రాలున్నాయో కత్తిరించి ఉందో రాయండి. వెనక వాటర్‌మార్క్ (కాగితంలోనే ఉండే గుర్తు) కిరీటం చిన్నదో పెద్దదో కూడా చెప్తే వెతకాల్సిన ప్లేట్లు చాలా తగ్గుతాయి. తపాలా ముద్ర ఆ అక్షరాల మీదే దట్టంగా పడి ఉంటే మాత్రం ఇంకో కాపీ చూసుకోండి.