ఆ నవలల్లో ఎవరూ భాష మార్చుకోరు

ప్రశ్న: అమెరికాలో ఒకే కుటుంబం తరతరాలుగా విశ్వాసాన్ని నిలుపుకున్న తీరును చెప్పే క్రైస్తవ చారిత్రక నవలలు నిజమైన చరిత్రకు ఎంత దగ్గరగా ఉంటాయి?

దుస్తులు, బండ్లు, తుపాకుల విషయంలో చాలా దగ్గరగా ఉంటాయి. మనుషుల విషయంలో దూరం. ఇంత ధీమాగా చెప్పడానికి నా అర్హత ఒక్కటే. మూడు శీతాకాలాలు అయోవా రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో గడిపాను. మంచు పడితే గడప దాటలేను. పక్క వీధి చర్చిలో చిన్న లైబ్రరీ ఉంది, అందులో సగం అరలు ఈ నవలలే. నలభై దాకా చదివి ఉంటాను.

అట్ట చూసి పోల్చుకోవచ్చు. గడ్డం కింద ముడి వేసిన టోపీతో ఒక అమ్మాయి మనకు వీపు చూపిస్తూ గోధుమ చేలో నిలబడి ఉంటుంది. మొదటి భాగంలో ఓడ, రెండో దానిలో స్వాతంత్ర్య యుద్ధం, తర్వాత పడమటికి పోయే బండ్లు, ఆ తర్వాత అంతర్యుద్ధం. ప్రతి భాగంలోనూ దేవుణ్ణి నమ్మని అందగాడొకడు వచ్చి, ఆఖరి అధ్యాయానికి మోకరిస్తాడు. పెళ్ళవుతుంది. అంతర్యుద్ధం భాగంలో పారిపోయి వచ్చిన బానిసల్ని ఆ కుటుంబం నేలమాళిగలో దాచి తీరుతుంది. ఒక్క కుటుంబమైనా బానిసల్ని కొన్న పాపాన పోదు. అందరూ దాచినవాళ్ళే అయితే మరి కొన్నదెవరు? బానిసలున్న యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగువుతోనే 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసత్వంలో తమ పాత్రకు దక్షిణాది వాళ్ళు క్షమాపణ చెప్పుకున్నది 1995లో. నేనూ బాప్టిస్టునే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

పూర్వీకుల గొప్పలు చెప్పుకోవడంలో మనమూ తక్కువ తినలేదు. 1620లో ఇంగ్లండు నుంచి అమెరికాకు మేఫ్లవర్ ఓడలో వచ్చింది 102 మంది, మొదటి చలికాలానికే దాదాపు సగం మంది పోయారు. మా అమ్మాయి చర్చిలో మాత్రం బెంచీకొకరు ఆ ఓడ వారసులు. మా ఒంగోలులో 1878 జులై 3న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర నాయకత్వంలో గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీరు ఏ ఇంట్లో అడిగినా, మా ముత్తాత ఆ రోజు మునిగినవాడే అంటారు. అందర్నీ లెక్క వేస్తే గుండ్లకమ్మ పొంగాలి. మా ముత్తాత యోహాను మాత్రం నిజంగానే ఆ రోజు మునిగాడు.

సరే, అసలు సంగతికి వస్తాను.

రెండేళ్ళ క్రితం వసంతంలో మా వీధిలో ఒక వృద్ధురాలు పోయింది. అక్కడ అలాంటప్పుడు పిల్లలు ఇంటి తలుపులు బార్లా తీసి, గరిటెల నుంచి మంచాల దాకా అన్నిటికీ ధర చీటీలు అంటించి అమ్మేస్తారు. పోయినావిడ చెప్పులకు కూడా చీటీ అంటించి ఉంది. అది చూసి మా ఆవిడ లోపలికి రానంది. నేను వెళ్ళాను. కుట్టుమిషను పక్కన ఇత్తడి కొక్కేలున్న లావుపాటి జర్మన్ బైబిలు కనిపించింది. ధర పది డాలర్లు.

పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసుకునే పేజీలుంటాయి. అమెరికాలో ఆ పేజీలకు ఒకప్పుడు ప్రభుత్వ కాగితమంత విలువ. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల వితంతువులు పెళ్ళి రుజువు కోసం వాటిని చింపి పెన్షను దరఖాస్తులకు జత చేశారు. అవి ఈనాటికీ వాళ్ళ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ట్రెజరీలో పెన్షను కాగితాలు చూసినవాణ్ణి, నా చేతులు నేరుగా ఆ పేజీల దగ్గరికే పోయాయి.

జర్మన్ రాత నాకు అర్థం కాలేదు. పేర్లు మాత్రం కూడబలుక్కున్నాను. యోహాన్ అని ఉంది. మా ముత్తాత పేరే! పుట్టిన సంవత్సరం 1881. ఆ కింద అతని పిల్లలు. 1917లో పుట్టిన పాప వరకు అంతా జర్మన్‌లోనే. తర్వాత 1919లో ఒక మగపిల్లవాడు. ఆ వరస ఇంగ్లీషులో ఉంది, పేరు జాన్.

రాసిన చెయ్యి మాత్రం ఒక్కటే. సంతకాలు పోల్చి పొట్టపోసుకున్నవాణ్ణి, నాకు తెలుసు. అక్షరాలు మారినా అంకెలు మారలేదు. ఒకటి అంకెకు పైనుంచి పొడుగ్గా దిగిన తోక పై వరసలోనూ కింది వరసలోనూ ఒకేలా ఉంది. తండ్రి యోహాన్, కొడుకు జాన్. ఉన్నది ఒకటే పేరు, మధ్యలో రెండేళ్ళు.

ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో ఇంటికి వచ్చి చదివాను. అమెరికా జర్మనీతో యుద్ధంలోకి దిగింది. 1918 మే 23న అయోవా గవర్నరు విలియం హార్డింగ్ ఒక ప్రకటన చేశాడు. బడిలో, రైలులో, నలుగురు కూడిన చోట, ఆఖరికి ఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష వినపడకూడదు. చర్చిలో ఆరాధనకూ అదే నియమం. ఇంగ్లీషు రానివాళ్ళు ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకోవాలట. ఫోనులో జర్మన్ మాట్లాడినందుకు జరిమానా కట్టిన ఆడవాళ్ళున్నారు. ఆ వచ్చే ఆదివారం నుంచి అరవై ఏళ్ళ ముసలమ్మ దేవుడితో ఏ భాషలో మాట్లాడాలి? ఎంత నవలకు సరిపడే సంగతి ఇది! నేను చదివిన నలభైలో ఒక్కదానిలోనూ లేదు. ఓడ దిగిన తాత, విమానమెక్కిన మునిమనవరాలు ఒకే ఇంగ్లీషులో, ఒకే వరసలో ప్రార్థన చేస్తారు. ఒకనాటి న్యూయార్కు డచ్చి చర్చిలోనూ ఇంగ్లీషు ప్రసంగం వద్దని ఏళ్ళ తరబడి గొడవలే. విశ్వాసం నిజంగా తడబడేది అక్కడ అని నా గట్టి నమ్మకం. సిద్ధాంతాల దగ్గర తడబడేవాళ్ళు నూటికి ఒకరుంటారు, మిగతావాళ్ళ విశ్వాసం నోరు తిరగక పోతుంది.

ఆ అమ్మకం రోజు బల్ల దగ్గర కూర్చున్న, పోయినావిడ కూతురికి డెబ్బై ఏళ్ళుంటాయి. ఈ బైబిలు మీరే ఉంచుకోకూడదా అని అడిగాను. "నాకు చదవడం రాదండీ. మా అమ్మకూ రాదు," అంది. కాసేపాగి, భోజనానికి ముందు అమ్మమ్మ చెప్పే ప్రార్థన మాత్రం వచ్చునని జర్మన్‌లో రెండు ముక్కలు గడగడా అప్పగించింది. యేసును భోజనానికి అతిథిగా రమ్మని పిలిచే మాటలట. అర్థం పెద్దయ్యాక ఎవరో చెబితే తెలిసిందట. ఐదు డాలర్లు చాలంది. నేను పదీ ఇచ్చాను.

మా ఆవిడ గుంటూరు లూథరన్, అంటే జర్మనీలో మార్టిన్ లూథర్‌తో మొదలైన శాఖ. పిల్లలకు బాప్తిస్మం పసితనంలో చిలకరింపుతోనా, పెద్దయ్యాక ముంచడంతోనా అని నలభై ఏళ్ళుగా మా ఇంట్లో తగువు నడుస్తూనే ఉంది. ఆ బైబిలు చూసి, "చూశారా, వీళ్ళూ మా వాళ్ళే," అని మురిసిపోయింది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు కూడా జర్మనీలో పుట్టినవాడేనని గుర్తు చేసింది. నిజమే, ఈ విషయంలో ఆమెదే పైచేయి.

పేరు చెప్పమంటే మెరిలిన్ రాబిన్సన్ 2004లో రాసిన 'గిలియడ్' చదవండి. కథాస్థలం అయోవాయే. ముసలి పాస్టరు 1956లో తన చిన్న కొడుక్కి రాసే ఉత్తరం అది. అతని తాత బానిసత్వాన్ని ఎదిరించి తుపాకీ పట్టిన పాస్టరు, తండ్రి యుద్ధమే వద్దన్న పాస్టరు. ఆ తండ్రికీ తాతకూ పడదు. జర్మనీకి చదువుకు వెళ్ళిన అన్న దేవుణ్ణి వదిలేసి వస్తాడు. కుటుంబం అంటే అలా ఉంటుంది. భాష గొడవ అందులోనూ లేదు, కానీ మన్నించాను.

నా మనవడికి మా ముత్తాత యోహాను పేరే పెట్టామని మా అమ్మాయి అంటుంది. పిలిచేది మాత్రం జాన్ అని. వాడికి ఏడేళ్ళు, తెలుగు వింటే అర్థమవుతుంది, చదవలేడు. రాత్రి పడుకునే ముందు నేను 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు' అని మొదలయ్యే 23వ కీర్తన తెలుగులో చెబుతాను. ఒక రోజు మధ్యలో ఆపి, "తాతయ్యా, లేమి అంటే?" అన్నాడు. లేకపోవడం అన్నాను. "ఏది?" అన్నాడు. ఏదైనా అన్నాను. కాసేపు ఆలోచించి దుప్పటి కప్పుకున్నాడు. ఇప్పుడు కీర్తన మొత్తంలో ఆ ఒక్క మాట దగ్గరే గొంతు కలుపుతాడు, అదీ ఇల్లంతా వినపడేలా.